పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు: కెప్టెన్ వర్జిన్ కథ, మన తీరంలో గూఢచారులు

క్రితం సంచికలో 1968 నాటి బ్రిటిష్ టెలివిజన్ ధారావాహిక ‘వర్జిన్ ఆఫ్ ద సీక్రెట్ సర్వీస్’ను ఒక పేజీలో పరిచయం చేశాం. ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి కాలంలో, అంటే 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో, బ్రిటిష్ సామ్రాజ్యాన్ని కాపాడడానికి బయలుదేరిన ఒక గూఢచారి సాహసాలను పరిహాస ధోరణిలో చెప్పిన ధారావాహిక అది. ఆ పరిచయం చదివి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలు చాలా వచ్చాయి కనుక ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాం. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించి ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: మీ పరిచయం మరీ క్లుప్తంగా ఉంది. దీనిని ఎవరు తీశారు, ఎవరు నటించారు, కథ ఏమిటి అన్నవి కాస్త వివరంగా చెప్పండి.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

మాస్టారు గారికి నమస్కారం. ఈ ధారావాహికను ఏటీవీ అనే సంస్థ నిర్మించగా, బ్రిటన్‌లోని ఐటీవీ కేంద్రాలలో 1968 మార్చి 28న ప్రసారం మొదలైంది. ప్రకటనలతో కలిపి గంట నిడివి గల 13 భాగాలతో అది ముగిసింది. రెండో విడత రాలేదు. రూపకర్త టెడ్ విల్లిస్. బ్రిటిష్ ప్రేక్షకులు రెండు దశాబ్దాల పాటు ఇంటి మనిషిలా చూసుకున్న పోలీసు కానిస్టేబులు జార్జ్ డిక్సన్ పాత్ర కూడా ఆయన సృష్టే. ఆయన లేబర్ పార్టీ మనిషి. బ్రిటిష్ పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభకు సభ్యుడు కూడా అయ్యాడు. ఈ సంగతిని ఊరికే చెప్పడం లేదు, కింద మరో ఉత్తరానికి సమాధానం రాసేటప్పుడు దీని అవసరం వస్తుంది.

నాయకుడు కెప్టెన్ రాబర్ట్ వర్జిన్ పాత్రను క్లింటన్ గ్రేన్ ధరించాడు. ఆయన వెంట ఉండే ఆర్డర్లీ డబ్లెట్‌గా జాన్ కేటర్, ఫోటోగ్రాఫరు మిసెస్ కోర్టెజ్‌గా వెరొనికా స్ట్రాంగ్, పై అధికారి కల్నల్ షా-కేంబర్లీగా నోయెల్ కోల్మన్ నటించారు. ప్రతినాయకుడు కార్ల్ ఫాన్ బ్రౌనర్ అనే జర్మను. కథ భారతదేశపు వాయవ్య సరిహద్దులో మొదలై, అక్కడి నుంచి ఊళ్లూ దేశాలూ దాటుతుంది. ఒక భాగం పేరులో రాజాగారు, స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడే మహిళ పక్కపక్కనే కనిపిస్తారు. ఆ ఉద్యమ సంఘం ఇంగ్లండులో 1903లో పుట్టింది కనుక ఆ జోడింపు కాలానికి సరిపోయినదే. మిసెస్ కోర్టెజ్ చేతికి కెమెరా ఇవ్వడం కూడా అంతే సరిపోయింది: ఒక్క డాలరు ధర గల బ్రౌనీ కెమెరాను కొడాక్ కంపెనీ 1900లో విడుదల చేయడంతో, అప్పటిదాకా స్టూడియోలకు పరిమితమైన ఫోటో తీసే విద్య సామాన్యుల చేతికీ ఆడవారి చేతికీ వచ్చిన కాలం అది.

ప్రశ్న: పరిహాసం అంటే నవ్వించడమే కదా, మరి మామూలు కామెడీకీ ఇలాంటి వాటికీ తేడా ఏమిటి? మన తెలుగులో ఇలాంటివి ఉన్నాయా?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

చాలా మంచి ప్రశ్న వేశావమ్మా. మామూలు హాస్యంలో పాత్రకు తాను హాస్యపాత్రనని లోలోపల తెలిసినట్టే ఉంటుంది. ఇలాంటి పరిహాస కథలో నాయకుడికి ఆ సంగతి ససేమిరా తెలియకూడదు. కెప్టెన్ వర్జిన్ నిలువెత్తు నిజాయితీతో, ధైర్యంతో, పరువు మర్యాదలతో నడుచుకుంటాడు. నిరాయుధుడి మీద చేయి చేసుకోవడం, స్త్రీ ముందు మాట తూలడం, ఇచ్చిన మాట తప్పడం ఆయన ఊహకు కూడా అందవు. వీటిలో ఏ ఒక్క గుణమూ నవ్వదగినది కాదు. లోకం అంతా తన గుణాల చుట్టూ తిరుగుతోందని, తాను పుట్టిన దేశానికి లోకాన్ని ఏలే హక్కు దైవదత్తమని ఆయన నమ్మే తీరులో నవ్వు పుడుతుంది. నటుడు ఆ నమ్మకాన్ని తూచా తప్పకుండా నిలబెట్టాలి. ఒక్కసారి కన్నుగీటి ‘నాకూ తెలుసులెండి’ అన్నట్టు చూశాడంటే రచయిత పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే.

ఇంకో షరతు కూడా ఉంది. దేనిని పరిహసిస్తున్నామో అది చూసేవాళ్లకు ముందే తెలిసి ఉండాలి. 1968లో నడివయసు దాటిన ఇంగ్లిషువాడు చిన్నప్పుడు జి. ఎ. హెంటీ రాసిన సాహస నవలలూ, 1879 నుంచి వెలువడిన ‘బాయ్స్ ఓన్ పేపర్’ అనే వారపత్రికా చదివి పెరిగినవాడు. వాటిలో పదహారేళ్ల ఇంగ్లిషు కుర్రవాడు సముద్రం దాటి, ఇక్కడి కోటల మధ్య యుద్ధాలు గెలిచి, పేరూ డబ్బూ సంపాదించి ఇంటికి తిరిగి వెళ్తాడు. హెంటీ అయితే క్లైవు దొర పక్కన నిలబెట్టి కూడా ఒక కుర్రవాడి కథ నడిపించాడు. వర్జిన్ ఆ కుర్రవాళ్లందరూ పెద్దయితే ఎలా ఉంటారో అలా ఉంటాడు. ఆ పుస్తకాల వాసన తెలియని మనకు సగం నవ్వు అందకపోవడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి రెండేళ్ల ముందు, 1966 జూన్‌లో, బీబీసీ ‘ఆడమ్ ఆడమంట్ లివ్స్’ అనే మరో ధారావాహిక మొదలుపెట్టింది. అందులో 1902 నాటి సాహసవీరుడిని శత్రువులు మంచుగడ్డలో బంధిస్తే, 1966లో పాత కట్టడాన్ని కూలగొడుతున్న కూలీలకు దొరికి కళ్లు తెరుస్తాడు. కత్తి దాచిన చేతికర్ర, భుజాల మీద వేలాడే కోటు, మినీస్కర్టుల లండన్: చూడగానే అర్థమయ్యే వైరుధ్యం అది. ఆ కథలో రెండు కాలాలు కళ్లెదుటే ఢీకొంటాయి. వర్జిన్ కథలో రెండో కాలం తెర మీద ఉండదు, ప్రేక్షకుడే దానిని వెంట తెచ్చుకోవాలి. నా లెక్కలో రెండోది రాయడం చాలా కష్టం, అందుకే దాని మీద నాకు గౌరవం ఎక్కువ.

తెలుగు విషయానికి వస్తే, మూలాన్ని ప్రేమించి, దాని నడకను పట్టుకుని, దాని మీదే నవ్వు పూయించడం మనకు కొత్త కాదు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గారిని పేరడీలకు పెట్టింది పేరుగా సాహిత్యలోకం నేటికీ చెప్పుకుంటుంది. గూఢచారుల సంగతి వేరు. ఆడమ్ ఆడమంట్ వచ్చిన 1966లోనే మనకు కృష్ణ గారి ‘గూఢచారి 116’ వచ్చింది, అది నిఖార్సయిన సాహస చిత్రం. అంతకు ముందు నుంచే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అద్దె పుస్తకాల దుకాణాల్లో ఇంటింటికీ తిరుగుతున్నారు. ఆ సరంజామా అంతా జనానికి బాగా ఒంటబట్టిన తర్వాతనే పరిహాసానికి చోటు దొరికింది. మీ ఊరికి దగ్గరలోని నెల్లూరులోనే నడిచే 2019 నాటి ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ను మరోసారి చూడమ్మా. ఆత్రేయ తన డిటెక్టివ్ ఏజెన్సీని ఎంత మనసా వాచా నమ్ముతాడో, మన ఊరి వీధులు ఆ నమ్మకానికి ఎంత తాపీగా ఎదురు నిలుస్తాయో గమనిస్తే, పైన చెప్పిన సూత్రం నేను చెప్పినదాని కన్నా బాగా బోధపడుతుంది.

ప్రశ్న: ఆ కాలంలో నిజంగా గూఢచారులు ఉన్నారా, లేక ఇదంతా కల్పనేనా? మన ప్రాంతం వాళ్లెవరైనా ఆ రోజుల లండన్‌ను చూశారా?
– గ్రంథాలయ పాఠకుడు, ఒంగోలు

ఉన్నారు. అయితే ఇక్కడ వింత ఏమిటంటే, కల్పన ముందు వచ్చింది, గూఢచారి శాఖ తర్వాత వచ్చింది. విలియం లె క్యూ అనే నవలా రచయిత జర్మన్లు ఇంగ్లండు మీద దండెత్తినట్టు ఊహించి రాసిన కథను 1906లో డెయిలీ మెయిల్ దినపత్రిక ధారావాహికగా వేసింది. జర్మను సైన్యం ఏ ఊళ్ల మీదుగా నడవాలన్నది యుద్ధవ్యూహాన్ని బట్టి కాక, ఏ ఊళ్లలో పత్రిక ఎక్కువ అమ్ముడవుతుందన్న దానిని బట్టి యజమాని మార్పించాడు. 1909లో అదే రచయిత ఇంగ్లండు నిండా జర్మను గూఢచారులే అని మరో పుస్తకం రాస్తే, పక్కింటి మంగలినీ హోటలు వెయిటరునూ అనుమానిస్తూ పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆ ఏడాదే ప్రభుత్వం ఒక ఉపసంఘాన్ని వేసింది. దాని సిఫారసు మీద 1909 అక్టోబరులో సీక్రెట్ సర్వీస్ బ్యూరో పుట్టింది. వెర్నన్ కెల్, మాన్స్‌ఫీల్డ్ కమింగ్ అనే ఇద్దరు అధికారులతో మొదలైన ఆ కార్యాలయమే తర్వాత దేశం లోపలి నిఘా చూసే ఎంఐ5, విదేశాల్లో గూఢచర్యం నడిపే ఎంఐ6 అనే రెండు శాఖలైంది. కమింగ్ ఆకుపచ్చ సిరాతో ‘సి’ అని సంతకం చేసేవాడు. ఎంఐ6 అధిపతులు నేటికీ ఆ అక్షరంతోనే, ఆ రంగు సిరాతోనే సంతకం చేస్తారు.

అప్పటి గూఢచారులు ఎంత అమాయకులో చెప్పడానికి బ్రాండన్, ట్రెంచ్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారుల ఉదంతం చాలు. 1910లో సెలవు పెట్టి జర్మనీ ఉత్తర తీరంలో కోటలు చూస్తూ తిరిగి పట్టుబడ్డారు. నాలుగేళ్ల శిక్ష పడింది, 1913లో జర్మను చక్రవర్తి కైజరు క్షమించి విడిచిపెట్టాడు. ఆ తీరం మీదే నడిచే 1903 నాటి ప్రసిద్ధ గూఢచారి నవల ప్రస్తావన వారి విచారణలో కూడా వచ్చింది. బాలచర ఉద్యమాన్ని స్థాపించిన బేడెన్ పవెల్ 1915లో అచ్చయిన తన పుస్తకంలో చెప్పిన ఉపాయం ఇంకా ముచ్చటైనది. ఆయన సీతాకోకచిలుకలు పట్టేవాడి వేషంలో వలా రంగుల పెట్టే పట్టుకుని కొండలెక్కి, దారిన కనిపించిన కావలివాళ్లకు తన బొమ్మల పుస్తకం తానే చూపించేవాడట. రెక్కల మీది గీతలే కోట గోడల ఆనవాళ్లు. గీతల మీద వేసిన గుర్తులను బట్టి ఎక్కడ ఎంత పెద్ద ఫిరంగి ఉందో తెలుస్తుంది. గీతల నడుమ ఉన్న చుక్కలకు ఏ అర్థమూ లేదు. ఆ బొమ్మలు పుస్తకంలో అచ్చయి ఉన్నాయి. ఒక్కసారి చూస్తే వర్జిన్ కథలోని ఏ అతిశయోక్తీ అతిశయోక్తిగా తోచదు.

మీ రెండో ప్రశ్నకు సమాధానం మీ జిల్లా పేరులోనే ఉంది. వినోదరాయునిపాలెంలో పుట్టి, ఒంగోలులో చదువుకుని, చిన్నతనంలో నాటకాలలో వేషాలు కట్టిన టంగుటూరి ప్రకాశం గారు బారిస్టరు చదువు కోసం 1904లో లండన్ వెళ్లి, 1907లో తిరిగి వచ్చారు. అంటే కెప్టెన్ వర్జిన్ సంచరించిన కాలానికి ప్రకాశం గారు ఆ నగరంలోనే ఉన్నారు. దాదాభాయి నౌరోజీ పార్లమెంటు ఎన్నిక కోసం పనిచేశారు. ఆ రోజులలోనే, 1905లో, శ్యామ్‌జీ కృష్ణవర్మ ఉత్తర లండన్‌లో ఇండియా హౌస్ అనే భారతీయ విద్యార్థుల వసతిగృహం తెరిచాడు. 1909 జూలై 1న మదన్‌లాల్ ధింగ్రా బ్రిటిష్ అధికారి కర్జన్ వైలీని కాల్చిన తరువాత అక్కడి భారతీయ విద్యార్థుల మీద నిఘా బిగిసింది. ఆ పనికి బొంబాయి పోలీసు శాఖకు చెందిన జాన్ వాలింజర్‌ను లండన్‌కు రప్పించారు. ఇక్కడ భారతదేశంలో వైస్రాయి కర్జన్ ప్రభువు అప్పటికే, 1904లో, కేంద్ర నేర నిఘా శాఖను ఏర్పాటు చేసి ఉన్నాడు. తెర మీది కెప్టెన్ జర్మన్ల కోసం, రష్యన్ల కోసం వెతుకుతుంటే, అసలు సర్కారు కళ్లు చాలావరకు మన చదువుకున్న యువకుల మీద ఉన్నాయన్నది చరిత్ర. ఆ యువకుల కథను బ్రిటిష్ టెలివిజన్ ఆ ధోరణిలో తీసినట్టు నాకు తెలియదు. అది ఉండవలసిన కథ అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ప్రశ్న: మనలను రెండు వందల ఏళ్లు పీడించినవాళ్లు తమ దొరతనాన్ని తామే ముద్దుగా ఎగతాళి చేసుకుంటే మనం చూసి నవ్వాలా? ఇలాంటి వాటికి మన పత్రికలో చోటెందుకు?
– రైతు, ఉదయగిరి

అయ్యా, మీ కోపం న్యాయమైనది, దానిని పక్కకు నెట్టి సమాధానం చెప్పడం నాకు ఇష్టం లేదు. ముందుగా ఆ ఏడాది చూడండి. 1967 నవంబరు చివరలో బ్రిటిష్ సైన్యం అరేబియా దక్షిణ కొసన ఉన్న తమ వలస రేవు ఏడెన్‌ను ఖాళీ చేసింది. 1968 జనవరి 16న ప్రధాని హెరాల్డ్ విల్సన్, సూయజ్‌కు తూర్పున ఉన్న తమ సైనిక స్థావరాలను 1971 ముగిసేలోగా ఎత్తివేస్తామని పార్లమెంటులో ప్రకటించాడు. ఆ తర్వాత పది వారాలకే కెప్టెన్ వర్జిన్ కత్తి దూసి వాయవ్య సరిహద్దు మీద నిలబడ్డాడు. రచనలు ఎప్పుడో ముందే మొదలవుతాయి కనుక ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం అంటగట్టను. కానీ ప్రతి వారం రాత్రి ఆ ధారావాహికను చూసిన ఇంటిలో పొద్దున దినపత్రిక కూడా చదివారు. ఉన్న సామ్రాజ్యం చేజారిపోతుండగా, అది చేతిలో ఉన్ననాటి మీసాలనూ మర్యాదలనూ చూసి ఒక జాతి నవ్వుకుంది. ఆ నవ్వులో కొంత తేరుకోవడం ఉంది, కొంత పశ్చాత్తాపం ఉంది, కొంత పాతరోజుల మీద తీరని మమకారం కూడా ఉంది. టెడ్ విల్లిస్ వంటి లేబర్ పార్టీ రచయిత దీనికి పూనుకున్నాడంటే మొదటి రెండూ ఉండే ఉంటాయని నేను నమ్ముతాను. మూడోది లేదని మాత్రం మీకు హామీ ఇవ్వలేను.

మీరు అడగని మరో అభ్యంతరాన్ని నేనే చేరుస్తాను. ఆ రోజులలో బ్రిటిష్ టెలివిజన్‌లో ఆసియా, ఆఫ్రికా పాత్రలను ముఖానికి రంగు పూసుకున్న తెల్ల నటులే వేయడం మామూలు. తెల్లవాళ్లు ముఖాలకు నల్లరంగు పూసుకుని ఆడిపాడే కార్యక్రమాన్ని బీబీసీ 1958 నుంచి 1978 దాకా ఇరవై ఏళ్లు నడిపింది. సామ్రాజ్యాన్ని ఎగతాళి చేసే రచనలు కూడా ఆ అలవాటును తమంతట తాము వదులుకోలేదు. నాయకుడి గర్వం మీద నవ్వు ఉంటుంది, ఆయన గుర్రం పక్కన పరుగెత్తే మనిషికి పేరు ఉండదు. నా దృష్టిలో ఈ కోవకు చెందిన రచనలన్నిటికీ అదే పెద్ద లోపం.

ఆ పక్కన పరుగెత్తిన మనిషి ఎవరు? కుమావూ కొండలలోని మిలం గ్రామానికి చెందిన బడిపంతులు నయన్ సింగ్‌ను తీసుకోండి. విదేశీయులకు ప్రవేశం లేని టిబెట్టును కొలవడానికి సర్వే శాఖ ఆయనకు శిక్షణ ఇచ్చింది. ఎత్తయినా పల్లమైనా ఒకే నిడివి అడుగు వేయడం నేర్చుకున్నాడు. మైలుకు ఆయన వేసే అడుగులు రెండు వేలు. చేతిలోని జపమాలకు 108 పూసలు ఉండవలసిన చోట 100 మాత్రమే ఉండేవి, నూరు అడుగులకు ఒక పూస జార్చేవాడు. ప్రార్థన చక్రంలో మంత్రాలు రాసిన కాగితం బదులు తన లెక్కల కాగితాలు దాచేవాడు. నీళ్లు ఏ వేడి దగ్గర మరుగుతున్నాయో చూసి ఎత్తు లెక్కగట్టేవాడు. యాత్రికుల బిడారు వెంట నడుస్తూ 1866 జనవరిలో ల్హాసా చేరాడు. లండన్ భూగోళ సంఘం ఆయనకు 1877లో బంగారు పతకం ఇచ్చింది. ఇది వర్జిన్ కాలానికి నలభై ఏళ్ల ముందు సంగతి. 1903లో బ్రిటిష్ అధికారి యంగ్‌హజ్‌బండ్ సైన్యం టిబెట్టు మీదికి కదిలేనాటికి, ఆ దేశపు దారులను అడుగులతో కొలిచి చూపినవాళ్లు నయన్ సింగ్, సర్వే శాఖ ‘పండితులు’ అని పిలిచిన ఆయన తోటి సర్వేయర్లు.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టుకుని చూడగలిగితే వర్జిన్‌ను చూడడంలో తప్పు లేదని నా అభిప్రాయం. మీకు నవ్వు రాకపోతే నవ్వవలసిన అవసరమూ లేదు. మా పత్రికలో చోటు ఇవ్వడానికి కారణం, ఏలినవాడు తనను తాను ఎలా చూసుకున్నాడో తెలుసుకోవడం ఏలుబడిలో ఉన్నవాడికి అవసరమే కావడం.

ప్రశ్న: ఇలాంటి పాత ధారావాహికలు అన్నీ దొరకడం లేదు ఎందుకు?
– వీడియోగ్రాఫరు, ఆత్మకూరు

ఆ కాలపు రెండంగుళాల వీడియో టేపు చాలా ఖరీదైనది. ఒకసారి ప్రసారమైన దానిని చెరిపి, అదే టేపు మీద మరో కార్యక్రమం ముద్రించేవారు. నటుల సంఘాలతో ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకు పరిమితులు ఉండడంతో, దాచి ప్రయోజనం లేదనుకున్నారు. ఆడమ్ ఆడమంట్ 29 భాగాలలో పది పైచిలుకు ఈ విధంగానే పోయాయి. మీ వృత్తిలో ఉన్నవారికి చెప్పదగిన మాట ఒకటి ఉంది: ఇరవై ఏళ్ల కిందట మీరు తీసిన పెళ్లి క్యాసెట్లూ, జాతర క్యాసెట్లూ ఇంకా ఉంటే దయచేసి వెంటనే డిజిటల్‌కు మార్చి పెట్టండి.

ప్రశ్న: మేము పరిషత్తు పోటీల కోసం ఒక నాటిక రాసుకుంటున్నాం. 1910 ప్రాంతంలో నెల్లూరు జిల్లాకు వచ్చిన ఇంగ్లిషు గూఢచారి కథ, పరిహాస ధోరణిలో. మొదటి రంగంలో దొర నదిలో దూకి జర్మను గూఢచారిని పట్టుకుంటాడు. కథకు మన ప్రాంతంలో సరైన సరుకు దొరుకుతుందా? సలహా ఇవ్వగలరు.
– నాటక సమాజ సభ్యుడు, సింగరాయకొండ

సరుకు కావలసినంత ఉంది. మొదట చెప్పవలసింది అభ్రకం. మన పెద్దలు కాకిబంగారం అని పిలిచిన ఈ ఖనిజం అప్పటి నెల్లూరు జిల్లాలోని గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాలలో తవ్వేవారు. వేడికి చెక్కుచెదరదు, విద్యుత్తును పోనివ్వదు. కరెంటు యంత్రాలు పెరుగుతున్న ఆ కాలంలో దానికి ఐరోపాలో గిరాకీ ఎక్కువ, యుద్ధం వచ్చాక మరీ ఎక్కువ. గనుల పక్క పాకలలో కూర్చుని, దిమ్మను కత్తి మొనతో రేకలు రేకలుగా చీల్చే మనిషి చేతిని ఒకసారి ఊహించుకోండి. రేక ఎంత పెద్దదిగా, ఎంత మచ్చ లేకుండా ఉంటే అంత ధర. అటువంటి రేక మీద గీసిన పటం దీపానికి ఎదురుగా పట్టుకుంటే తప్ప కనిపించదు అనుకుంటే, మీ నాటికకు కావలసిన రహస్యపత్రం దొరికినట్టే. ఇది నా కల్పన, వాడుకోండి.

రెండోది బకింగ్‌హాం కాలువ. 1877 ప్రాంతపు కరువు రోజులలో కూలికి వచ్చిన జనం తవ్వగా పూర్తయిన ఈ కాలువ మన తీరం పొడవునా సాగి మద్రాసును కలుపుతుంది. బియ్యం, ఉప్పు, వంటచెరకు పడవల మీద పోయేవి. గాలి లేనప్పుడు గట్టున నడిచే మనుషులు తాడు కట్టి పడవను లాగేవారు. సాహసకథల్లో దొరలు గుర్రాల మీద తరుముకుంటారు. మీ దొరా, జర్మనూ రెండు కాలువ పడవల మీద తరుముకుంటే, రెండు పడవలనూ లాగేవాళ్లు ఒకే ఊరివాళ్లయితే, నడుమ గట్టు మీద వాళ్లు పిల్లల పెళ్లి మాటలు మాట్లాడుకుంటే ఎలా ఉంటుంది? దొర మాత్రం ప్రాణాలకు తెగించిన వేగంతో పోతున్నానని నమ్మాలి. నదిలో దూకే రంగం తీసేసి ఇది పెట్టండి, రంగస్థలం మీద నీళ్ల బాధ కూడా తప్పుతుంది.

భయానికి ఆధారం కూడా చరిత్రలో ఉంది. ఎండెన్ అనే జర్మను యుద్ధనౌక 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుళ్లు కురిపించి, రేవు దగ్గరి చమురు ట్యాంకులను తగలబెట్టింది. జనం వేల సంఖ్యలో పట్నం విడిచిపోయారు. మీ కథను 1910 నుంచి ఆ నెలకు జరపగలిగితే, అంతదాకా ఎవరూ నమ్మని జర్మను గూఢచారి మాటను తాలూకా కచేరీ మొత్తం ఒక్క రాత్రిలో నమ్మడానికి కారణం దొరుకుతుంది. ఎడ్వర్డ్ చక్రవర్తి 1910 మే 6న కన్నుమూసినా, ఆ కాలపు ధోరణి యుద్ధం వచ్చేదాకా నడిచిందని చరిత్రకారులు సాధారణంగా లెక్కిస్తారు కనుక కాలం విషయంలో ఎవరూ తప్పు పట్టరు. ఒక్క జాగ్రత్త: 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లా నుంచి అందులోకి వెళ్లింది. మీ పాత్రలు ఒంగోలు నుంచి అర్జీ పట్టుకుని నెల్లూరు కలెక్టరు దగ్గరికి వెళ్తే న్యాయనిర్ణేతలలో ఎవరో ఒకరు పట్టుకుంటారు.

ఇక అన్నిటి కన్నా ముఖ్యమైన సలహా. మీరు పంపిన పాత్రల పట్టికలో దొర, జర్మను, కలెక్టరు, కలెక్టరు భార్య ఉన్నారు. కచేరీలో ఉండే మనవాళ్లు ‘ఇద్దరు బంట్రోతులు’ అని ఒక్క గీతలో ముగిశారు. ఉదయగిరి పాఠకుడు పైన వెలిబుచ్చిన బాధ మీ నాటికకు కూడా వర్తిస్తుంది. దొరకు తెలుగు రాదు. ఆయన వినే ప్రతి మాటా దుబాసీ నోటి మీదుగానే వినాలి, చూసే ప్రతి పల్లెనూ కరణం చూపించినట్టే చూడాలి. ఏటేటా శిస్తు లెక్కలు చూసే జమాబందీకి వచ్చిన కలెక్టరు డేరా ముందు బంట్రోతుల పెద్ద అయిన దఫేదారు నిలబడి ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని ఎండలో నిలబెట్టాలో నిర్ణయిస్తాడు. ఈ ముగ్గురికీ పేర్లు పెట్టండి, ఇళ్లు పెట్టండి, ఒక్కొక్కరికీ సొంత అవసరం ఒకటి పెట్టండి. కరణానికి ఒక పొలం తగాదా, దుబాసీకి మద్రాసులో చదువుకునే కొడుకు మీద పోలీసుల అనుమానం, దఫేదారుకు పై ఉద్యోగం మీద ఆశ. దొర జర్మను కోసం వెతుకుతున్నంతసేపూ ఆ కొడుకు తెచ్చిన వందేమాతరం కరపత్రాలు దొర మంచం కింది పెట్టెలోనే ఉండవచ్చు.

దొర వేషం మాత్రం మీ సమాజంలో అందరికన్నా గంభీరంగా మాట్లాడగలిగిన నటుడికి ఇవ్వండి. పౌరాణికాలలో పద్యం పాడిన అనుభవం ఉన్నవారైతే మరీ మంచిది, ఎందుకంటే ఆయన మాటను ఆయన నమ్మినట్టు కనిపించడం ఆ విద్యలో మొదటి పాఠం. వచ్చీరాని తెలుగు పలికించి చప్పట్లు కొట్టించుకునే పాత అలవాటు జోలికి పోకండి, చూసేవాళ్లకు అది అరిగిపోయింది. నిడివి పరిషత్తు నిబంధన దాటకుండా ఉండాలంటే కలెక్టరు భార్య పాత్రను తీసివేయవలసి రావచ్చు. లేదా ఆమె చేతికి ఒక కెమెరా ఇచ్చి, దఫేదారుకు తెలియకుండా అతని ఫోటో తీయించి, ఆ ఒక్క ఫోటో వల్ల రెండో అంకం మలుపు తిరిగేలా చేయండి. మారిన ప్రతిని వచ్చే నెల పదో తేదీలోగా పంపితే, పోటీలకు ముందే చదివి మా అభిప్రాయం రాసి పంపుతాం.